కలెక్టరమ్మ నోరు

వీధి మలుపులోని కూరగాయల కొట్టుకు రైటరు వెళ్లడం మానేసి చాలాకాలమైంది. అక్కడ కూరలు బాగుండక కాదు. కొట్టువాడు తక్కెడలో వంకాయలు వేస్తూ, వెనక ఎంతమంది నిలబడి ఉన్నా సరే, ప్రతిసారీ అదే ప్రశ్న వేసేవాడు. "ఎందుకండీ అలా చేశారు?" మొదట్లో రైటరు ఓపిగ్గా జవాబు చెప్పాడు. తర్వాత కసిరాడు. ఆ తర్వాత ఎవడూ ఎవడితోనూ మాట్లాడనక్కర్లేని సూపర్ మార్కెట్లో, కవర్లలో కట్టిపెట్టిన వాడిపోయిన కూరలు కొనుక్కోవడం మొదలుపెట్టాడు.

చేసిన ఘనకార్యం ఏమిటంటే, జనం సొంత మనిషిలా చూసుకున్న కలెక్టరమ్మ చేత ఆఖరి ఎపిసోడ్లో క్షమాపణ చెప్పించాడు.

కలెక్టరమ్మ నిజం కలెక్టరు కాదు. అతను రాసిన నవ్వుల సీరియల్లో ఒక బీమా గుమాస్తా పెళ్లాం. లిఫ్టు ఆగినా, కుళాయి రాకపోయినా, ఆవిడ బాల్కనీలోంచి ఒక్క మాట విసిరితే పని జరిగిపోయేది. అందుకని వాటాలవాళ్లు పెట్టిన పేరది. ఆవిడ నోరు వినడానికి జనం ప్రతి వారం టీవీల ముందు చేరేవాళ్లు. బస్సుల్లో, ఆఫీసుల్లో, ఆలుమగల తగువుల్లో ఆవిడ మాటలే వాడుకునేవాళ్లు. అలాంటి మనిషిని ముగింపులో మొగుడి రిటైర్మెంటు సభకు తీసుకొచ్చి, మైకు ముందు నిలబెట్టి, "ఇన్నాళ్లూ నోరు పారేసుకున్నాను, ఇకమీదట ఒక్క మాట మాట్లాడను" అనిపించాడు. ఆ పైన గుమాస్తాగారు సంసారసుఖం మీద సుదీర్ఘంగా ఉపన్యసించారు. ఆవిడ పక్కన కూర్చుని తలూపింది. సీరియల్ సమాప్తం.

జనం ఊరుకుంటారా? రాసిన చెయ్యి పడిపోవాలని శాపనార్థాలు పెట్టారు. ఛానెల్ వాళ్ల ఫోన్లు హోరెత్తాయి. ఒక ముసలావిడ ఆ వేషం వేసిన నటి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, "నువ్వెలా ఒప్పుకున్నావే తల్లీ" అని గడపలో కూర్చుని ఏడ్చిందట. రైటరు మాత్రం తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నాడు. డైరెక్టరు చెడగొట్టాడన్నాడు. నటికి భావం అందలేదన్నాడు. జనానికి బుర్ర లేదన్నాడు. ఆడలేనివాడికి మద్దెల ఎప్పుడూ ఓడే. ఎవరైనా మరీ నిలదీస్తే ఆఖరి అస్త్రం తీసేవాడు. "మా ఆవిడ నవ్వింది."

ఆ మాట వెనక ఒక పద్ధతి ఉంది. అతను ఏ ఎపిసోడ్ రాసినా ముందు వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని భార్యకు చదివి వినిపించేవాడు. ఆమె పొయ్యి వైపు తిరిగి తన పని తాను చేసుకుంటూ వినేది. ఆమె నవ్విన చోట పక్కన టిక్కు పెట్టేవాడు. నవ్వని చోట కొట్టేసేవాడు. మొహం చూడక్కర్లేదు, వీపు కదిలితే చాలు. డైరెక్టర్లు మారారు, ఛానెల్లో పెద్దలు మారారు, ఈ తూకం మారలేదు, ఎన్నడూ తప్పలేదు. ఆఖరి ఎపిసోడ్ చదివిన రోజు ఆమె వీపు కదలడం కాదు, మనిషి మొత్తం కదిలిపోయింది. పొయ్యి కట్టేసి, గట్టు పట్టుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. రైటరు పేజీ పేజీకీ టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. ఆ తర్వాత లోకమంతా ఒక్కటై తిట్టినా అతను చలించలేదంటే, ఆ టిక్కుల బలం అలాంటిది.

చలించకపోతే మానె, పని మాత్రం పోయింది. తర్వాత రాసిన రెండు సీరియళ్లూ పుట్టీ పుట్టకముందే చచ్చాయి. ఇక ఎవరూ పిలవలేదు. అలాంటి రోజుల్లో పాత ఛానెల్ నుంచి ఫోనొచ్చింది, ఒకసారి రమ్మని.

ప్రోగ్రామ్ హెడ్ అంటే ఎవరో తల నెరిసినవాడు అనుకుని వెళ్లాడు. అద్దాల గదిలో ఒక చిన్నపిల్ల కూర్చుని ఉంది. పక్క కుర్చీలో మోకాలికి పట్టీ వేసుకుని, కలెక్టరమ్మ వేషం వేసిన నటి. ఆవిడ అతన్ని చూసి నమస్కారం పెట్టలేదు. కాలు కూడా కాస్త ఇటే చాపింది.

"మీ ఆఖరి ఎపిసోడ్ వచ్చినప్పుడు నేను ఏడో క్లాసు సార్," అంది ప్రోగ్రామ్ హెడ్. "మా అమ్మ టీవీ కట్టేసి, అన్నం తినకుండా పడుకుంది. అంత కోపం ఆవిడకి మా నాన్న మీద కూడా రాలేదు."

"పాత సంగతులెందుకమ్మా ఇప్పుడు."

"పాతవి మళ్లీ వేస్తున్నాం కాబట్టి. అందరూ చూస్తున్నారు. కానీ చివరికి వచ్చేసరికి ఆపేస్తున్నారు. అందుకని ముగింపు మార్చి మళ్లీ తీద్దామని. సెట్టు వేయిస్తున్నాం. ఆర్టిస్టులందరూ ఒప్పుకున్నారు."

"ముగింపులో తప్పేం లేదు. తీసినవాళ్లు సరిగ్గా తియ్యలేదు. అసలు మా ఆవిడ..."

"నవ్వింది. తెలుసు సార్. పేపర్లో కూడా చెప్పారు."

నటి కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "ఆవిడెందుకు నవ్విందో నాకైతే అనుమానమే. ఈసారి కూడా నా నోరు మూయించావనుకో, మీ ఇంటి ముందుకొచ్చి కూర్చుంటాను. ఊరికే కూర్చోను కూడా."

"శుక్రవారానికి స్క్రిప్టు కావాలి," అంది ప్రోగ్రామ్ హెడ్. "మీకు కుదరకపోతే చెప్పేయండి. మా దగ్గర కుర్ర రైటర్లున్నారు, వాళ్లు రాసేస్తారు."

పొగరంతా లిఫ్టు దిగేలోపే దిగిపోయింది. కుర్రాడెవడో తన కలెక్టరమ్మను బాగుచేసి, జనం చేత చప్పట్లు కొట్టించుకుంటే తనకిక మిగిలేది ఏమిటి? చెడగొట్టినవాడన్న పేరు. బాగుచేసే అవకాశం ఇదొక్కటే, మళ్లీ రాదు. తప్పు ఒప్పుకోకుండానే దాన్ని దిద్దుకోవచ్చనే వెసులుబాటు కూడా అతనికి నచ్చింది.

రాయడానికి కష్టపడలేదు. మనిషి ఖాళీగా ఉన్నాడు కానీ చెవులు ఖాళీగా లేవు. అదే సభ, అదే మైకు. ఈసారి కలెక్టరమ్మ మైకు అందుకుని ఒక్కొక్కరినీ ఉతికి ఆరేస్తుంది. రాసి, చదువుకుని, తనే నవ్వుకుని, మర్నాడు మధ్యాహ్నం కాగితాలు పట్టుకుని వంటింటి గుమ్మంలో కుర్చీ వేశాడు.

ఆమె కింద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కుర్చీ చూసింది, కాగితాలు చూసింది. "మళ్లీనా?" అంది.

"విను. ఆఖరి ఎపిసోడ్, కొత్తది."

అతను గొంతు సవరించుకున్నాడు. కలెక్టరమ్మ లిఫ్టు మెకానిక్కును వేదిక మీదికి పిలిచి అడుగుతుంది. "బాబూ, ఇన్నేళ్లూ నువ్వా లిఫ్టుని బాగుచేశావా, ఓదార్చావా?" రైటరు ఆగాడు. చిక్కుడుకాయ విరిగిన చప్పుడు తప్ప ఏమీ రాలేదు. పైవాటావాళ్ల వంతు. "రాత్రంతా సామాన్లు జరుపుతారు. ఇంతవరకూ ఒక్క సామానూ ఎక్కడికీ చేరలేదు." ఇంకో చిక్కుడుకాయ. కాస్త గొంతు పెంచాడు. మొగుడి వంతు. "ఇన్నాళ్లూ ఆఫీసులో నిద్రపోయారు, ఇక ఇంట్లో నిద్రపోతారు. రిటైర్మెంటంటే ఆయనకి కుర్చీ మారడం, అంతే." చదువుతూ చదువుతూ చివరికి వచ్చాడు. ఆమె ఈనెలన్నీ కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేసింది.

"అయిపోయిందా?"

"నవ్వు రాలేదా?"

"నా మాటలకి నేనే నవ్వుకోవడానికి నాకేమన్నా పిచ్చా?" అంది. "లిఫ్టు మాట ఆ మెకానిక్కుతో నేనన్నది. పైవాటా సంగతి మా చెల్లెలితో ఫోన్లో అన్నది. కుర్చీ మారడం మీ గురించే అన్నాను. తలుపు వేసుకుని మరీ అన్నాను. అది కూడా విన్నారన్నమాట."

"ఇంట్లో నాలుగు మాటలు చెవిన పడతాయి. దానికింత రాద్ధాంతమా? మాటలు ఎవరి సొత్తూ కావు. గాలిలో పోతుంటాయి. ఏరుకున్నవాడివే."

"సొమ్మొకడిది, సోకొకడిది."

"ఓహో. నేను రాయకపోతే నీ మాటలు ఆ సింకులోంచి నీళ్లతో పాటు కిందికి పోయేవి. తెలుసా?"

"పోనివ్వాల్సింది. నావి కదా, నా సింకులోంచే పోయేవి."

అతనికి ఒళ్లు మండింది. ఇంతమంది తిట్టింది చాలక, తూకపురాయి కూడా ఎదురు మాట్లాడుతోంది. "అయితే అప్పుడెందుకు నవ్వావు? పాత ఆఖరి ఎపిసోడుకి? పొయ్యి కట్టేసి మరీ నవ్వావు. అదీ నీ మాటలేనా?"

ఆమె చేతులు దులుపుకుంది. "అందులో నా మాట ఒక్కటన్నా ఉందేమో గుర్తు చేసుకోండి."

అతను గుర్తు చేసుకున్నాడు. క్షమాపణ. తలూపడం. ఉపన్యాసం. ఒక్కటీ లేదు. ఎందుకు లేదో కూడా మెల్లగా గుర్తొచ్చింది. ఆ రోజుల్లో ఇంట్లో మాటల్లేవు. ఆమె తండ్రి పోయి నెల దాటింది. ఆమె అవసరానికి తప్ప పెదవి కదపడం లేదు. తండ్రి పోయిన దిగులనుకున్నాడు. దిగులు తగ్గేదాకా ఆగడానికి సీరియల్ ఆగదు కదా, ఆ ఒక్క ఎపిసోడూ సొంతంగా రాసి పడేశాడు.

"దిగులు కాదు," అంది ఆమె, అతను పైకి అన్నట్టే. "ఆస్పత్రిలో మా నాన్న చెయ్యి పట్టుకుని నేనొక మాటన్నాను. నువ్వు కూడా పోతే ఇక నేనెవరి మీద అరవాలి నాన్నా అని. మీరు మంచానికి అటు పక్క నిలబడి ఉన్నారు. మొహం దిగాలుగా పెట్టుకుని ఉన్నారు. పాపం, మామగారి కోసం బాధపడుతున్నారనుకున్నాను. ఆయన పోయాక కర్మలకని నేను పుట్టింట్లో ఉంటే, మీరొక ఎపిసోడ్ నాకు చదవకుండానే పంపేశారు. ఇంటికొచ్చాక, ఓ రోజు ఏదో కాలక్షేపానికి టీవీ పెట్టాను. కలెక్టరమ్మ పాడైపోయిన మిక్సీని పాతసామాన్లవాడికి అమ్ముతోంది. దాన్ని పట్టుకుని, నువ్వు కూడా పోతే ఇక నేనెవరి మీద అరవాలి అంది. వీధి వీధంతా నవ్వు. పక్క వాటాలోంచి నవ్వు. కింద వాచ్‌మన్ కూడా నవ్వాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా?"

రైటరు నోరు తెరిచాడు. ఆ ఎపిసోడుకి తనకు అవార్డు వచ్చిందన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. ఎలాగో మింగాడు.

"అప్పుడే నోరు కట్టేసుకున్నాను," అంది. "మీరు మామూలుగా కుర్చీ వేసుకుని ఆ ఆఖరి ఎపిసోడ్ చదివారు. నేను నోరు మూసుకుంటే మీ దగ్గర ఏముంటుందో ఆ రోజు తెలిసింది. ఏమీ లేదు. ఖాళీ గిన్నెలో గరిటె తిప్పుతున్నారు. అదీ ఎంతో కష్టపడి, ఆవేశంగా, గొంతు మార్చి మార్చి తిప్పుతున్నారు. నవ్వాగలేదు. నేను నవ్వింది మీ రాతకి కాదండీ. మిమ్మల్ని చూసి. మీరేమో టిక్కులు పెట్టుకుంటున్నారు. అది చూసి ఇంకా నవ్వొచ్చింది."

రైటరు కాగితాలు మడిచాడు. అడగకూడదని తెలిసీ అడిగాడు.

"మరి అంతకుముందు వాటికి?"

"మొదట్లో నిజంగానే నవ్వాను. నా మాట టీవీలో వస్తుందంటే సరదాగా ఉండేది. తర్వాత్తర్వాత అలవాటై నవ్వాను. ఆ తర్వాత, నవ్వితే మీరు తొందరగా లేచి వెళ్లిపోతారని నవ్వాను."

ఇంతకన్నా చెంప మీద కొట్టినా బాగుండేది. అతను లేచాడు. ఆమె చిక్కుడుకాయల గిన్నె గట్టు మీద పెట్టి, ఈసారి అతని వైపు తిరిగే మాట్లాడింది. గొంతులో కోపం కూడా లేదు.

"ఒక్కటి అడుగుతాను. ఆ పాత ముగింపు మార్చకండి. అన్ని ఎపిసోడ్లలోనూ జనం నన్ను చూసి నవ్వారు. అదొక్కటి చూసి మిమ్మల్ని తిట్టారు. మా నాన్నతో అన్న మాట మిక్సీకి పెట్టినందుకు మీకు పడిన శిక్ష అదొక్కటే, నాకు దక్కింది కూడా అదొక్కటే. ఉండనివ్వండి. ఆఫీసుకి ఫోన్ చేసి కుదరదని చెప్పండి."

"వాళ్లకి కుర్ర రైటర్లున్నారు. నేను కాకపోతే వాళ్లు రాస్తారు."

"రాసుకోనివ్వండి. వాళ్లు రాస్తే మీదేమీ మారదు. మీ చెడ్డపేరు అలాగే ఉంటుంది. నాకు కావలసిందీ అదే."

"చూద్దాంలే," అన్నాడు రైటరు.

పెళ్లైనప్పటి నుంచీ అతని నోట చూద్దాంలే అన్నమాట వచ్చాక జరిగిన మంచి పని ఒక్కటీ లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. కూర పొయ్యి మీద పెట్టుకుంది.

ముందుగదిలోకి వెళ్లి అతను ఫోను పక్కనే కూర్చున్నాడు. మనిషన్నవాడు చేయాల్సిన పని ఒక్కటే, నంబరు నొక్కి ఒక్క మాట చెప్పడం. చేయి ఫోను దాకా వెళ్లింది కూడా. అయితే చెవిలో ఇంకా ఆమె మాటలు తిరుగుతున్నాయి. నవ్వితే మీరు తొందరగా లేచి వెళ్లిపోతారని. ఎంత మాట. ఆ మాటకు థియేటర్లో అయితే జనం లేచి నిలబడతారు. అవమానం జరిగింది తనకేనన్న సంగతి అప్పటికే మరుగున పడింది. ఖాళీ గిన్నెలో గరిటె. ఎద్దు పుండు కాకికి నొప్పా. మర్చిపోకముందే రాసి పెట్టుకుంటే పోలా అనుకున్నాడు. రాసి పెట్టుకోవడమే కదా, పంపడం వేరే సంగతి కదా. సాయంత్రానికి పాత కాగితాలన్నీ చింపి కొత్త ముగింపు పూర్తి చేశాడు.

అందులో గుమాస్తా, పెళ్లాం మాటలన్నీ ఆఫీసులో తనవిగా చెప్పుకుని చమత్కారి అని పేరు తెచ్చుకున్నవాడు. రిటైర్మెంటు సభలో అందరూ ఆ చమత్కారాన్ని పొగుడుతారు. కలెక్టరమ్మ మైకు తీసుకుంటుంది. వంటింట్లో ఆమె అన్నదంతా వరసగా, ఒక్క పొల్లు కూడా పోకుండా అక్కడ అంటుంది. ఆస్పత్రి మాట కూడా వేశాడు. ఈసారి మిక్సీకి కాదు, తండ్రికే. ఎక్కడి మాట అక్కడికి చేర్చాను, అన్యాయం సరిదిద్దాను అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. దొంగిలించిన నగను దొంగ తన పెళ్లికి పెట్టుకుని, చూశారా, పారేయలేదు అన్నట్టుంది ఇది. వంటింటి గుమ్మంలో కుర్చీ వేయలేదు. శుక్రవారం దాకా ఆగకుండానే పంపేశాడు.

ప్రోగ్రామ్ హెడ్ చదివి ఏడ్చానని చెప్పింది. నటి ఫోన్ చేసి, "ఇన్నేళ్లకి మనిషిలా రాశావు" అంది. షూటింగులో లైట్లు పట్టుకునేవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. ప్రసారమైన ఆదివారం పక్క వాటాలోని టైలరమ్మ కూడా వచ్చి వీళ్లింట్లో కూర్చుని చూసింది. రైటరు టీవీ చూడలేదు, ఓరకంట భార్యనే చూశాడు. కలెక్టరమ్మ మైకు పట్టుకుని, "నేను నోరు మూసుకుంటే ఈయన దగ్గర ఏముందో తెలుసా" అన్నప్పుడు టైలరమ్మ చప్పున ఆమె వైపు తిరిగింది. ఆమె తిరగలేదు. ఆస్పత్రి మాట వచ్చినప్పుడు, బస్టాండులో తెలియనివాళ్ల సామానును చూసినట్టు చూసింది. పేర్లు పడేదాకా కూర్చుంది. లేచి, "బాగా వచ్చిందండీ," అంది. చిల్లర సరిగ్గా ఇచ్చిన కండక్టరుతో అన్నట్టు, మర్యాదగా.

ఆ రోజు అతను పొంగిపోయాడనే చెప్పాలి. ఇన్నేళ్లలో ఆమె ఆ మాట అనలేదు మరి. ఫోను ఆగకుండా మోగింది. మర్నాడు మలుపులోని కొట్టుకు కావాలనే వెళ్తే, కొట్టువాడు కొత్తిమీర ఊరికే ఇచ్చి, "కళ్లు తెరిపించారండీ, ఆడవాళ్ల మాటంటే ఏంటో" అన్నాడు. ఛానెల్ వాళ్లు కొత్త సీరియల్ రాయమన్నారు. మాటకు మాట అంటించే ఇల్లాలే కావాలన్నారు.

రైటరు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. ఇంట్లో చెవులు రిక్కించాడు. "అన్నం పెట్టాను." "తాళం తీసుకెళ్లండి." "గ్యాస్ అతను వచ్చి వెళ్లాడు." అంతే. కోపం లేదు, విసురు లేదు, ముభావం కూడా లేదు. అడిగినదానికి జవాబు వస్తుంది. రెచ్చగొడదామని కూరలో ఉప్పు లేదన్నాడు. ఉప్పుడబ్బా తెచ్చి పక్కన పెట్టింది. పని కాగానే పక్క వాటాకు వెళ్లిపోతోంది. మధ్యాహ్నాలు టైలరమ్మ దగ్గర నలుగురైదుగురు ఆడవాళ్లు చేరి గుండీలు కుడుతూ, అంచులు మడుస్తూ కూర్చుంటారట. ఎప్పటికో చీకటిపడే ముందు తిరిగొస్తుంది.

కాగితాలు తెల్లగానే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం అతను చెప్పులు వేసుకోకుండా వరండాలోకి వచ్చి టైలరమ్మ తలుపు పక్కన నిలబడ్డాడు. లోపల కుట్టు మిషను ఆగింది. భార్య గొంతు వినబడింది. ఏదో చెబుతోంది, మెల్లగా, నింపాదిగా, మధ్యలో ఎవరి గొంతో అనుకరిస్తూ. మాటలు మాత్రం తలుపుకు ఇవతలికి రావడం లేదు. ఒక్కసారిగా లోపల అందరూ ఘొల్లుమన్నారు. ఆ నవ్వుల్లో ఆమె నవ్వు కూడా ఉంది. అది వంటింట్లో అతను టిక్కులు పెట్టుకున్న నవ్వు కాదు. అతను చెవి తలుపుకు ఆనించాడు.

తలుపు తెరుచుకుంది. టైలరమ్మ చేతిలో గుడ్డపేలికల చెత్తబుట్ట. "ఏం కావాలండీ?" అంది.

లోపల సద్దుమణిగింది. ఒడిలో జాకెట్టు పెట్టుకుని కూర్చున్న భార్య తలెత్తి చూసింది.

"అన్నం టేబుల్ మీదే పెట్టానండీ," అంది.

"సరే, సరే," అన్నాడు రైటరు. "ఊరికే, ఇటు వచ్చాను."

టైలరమ్మ మర్యాదగా తలూపి తలుపు వేసుకుంది. అతను తన గుమ్మం వైపు నడిచాడు. గొళ్లెం మీద చేయి వేసేదాకా లోపల ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత భార్య గొంతు ఒకటి రెండు మాటలంది, "ఊరికే, ఇటు వచ్చాను" అన్నంతసేపు పట్టేవి. నవ్వులు ఇందాకటి కంటే పెద్దగా లేచాయి. ఎవరి గురించో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.